అడుసులో ఒకటి, ఇసుకలో ఒకటి: మీ పడవకి ఏ లంగరు?

పడవ కొన్న మనవాళ్ళు ఎవరు కలిసినా ముందు ఇంజిన్ గురించి అడుగుతారు, తర్వాత తెరచాపల గురించి. లంగరు సంగతి అడిగేది మాత్రం ఒక రాత్రి అది జారాకే. నేనూ అంతే.

మాది 34 అడుగుల సెయిల్‌బోట్. ఉండేది అమెరికాలో, చెసపీక్ బేలో, అనాపొలిస్ దగ్గర. కొన్న ఏడాది ఆగస్టులో వై నదిలో ఒక సన్నటి పాయలోకి వెళ్ళి, లంగరు వేసి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాం. అర్ధరాత్రి దాటాక ఉరుములతో ఈదురుగాలి. పక్క పడవాయన టార్చి కొట్టి అరిచేదాకా మా పడవ కదిలిపోతోందని మాకు తెలియనే తెలియదు. పడవతో పాటు వచ్చిన పాత నాగలి రకం లంగరు అది. తెల్లారాక పైకి లాగి చూస్తే వంగలేదు, విరగలేదు. నిండా నల్లటి అడుసు. పెరుగు గిన్నెలో గరిటె తిప్పినట్టు అది ఆ అడుసులో హాయిగా తిరుగుతూ వచ్చిందన్నమాట. కాస్త గట్టి మన్నులో అయితే అదే లంగరు మమ్మల్ని కాపాడేదేమో.

అప్పటినుంచి ఎవరైనా "ఏ లంగరు మంచిది?" అంటే నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎక్కువ రాత్రులు ఏ నేల మీద పడుకుంటారు?

ముందు నేల సంగతి

చార్టు, అంటే పడవవాళ్ళు వాడే నీళ్ళ పటం, దాని మీద లోతు అంకెల మధ్య చిన్న అక్షరాలు కనిపిస్తాయి. చాలామంది వాటిని చూడరు. ఎమ్ అంటే బురద, ఎస్ అంటే ఇసుక, సీవై అంటే బంకమన్ను, ఆర్ అంటే రాయి, ఎస్‌హెచ్ అంటే గుల్లలు, డబ్ల్యూడీ అంటే గడ్డి, సీవో అంటే పగడం. ఎస్ గీత ఎమ్ అని ఉంటే పైన ఇసుక, కింద బురద. ఫోన్ యాప్‌లో కనిపించకపోతే ఇంకొంచెం జూమ్ చేయండి, లేదా సెట్టింగుల్లో ఆ వివరం ఆపేసి ఉందేమో చూడండి.

చార్టు అక్షరం ఎప్పుడో కొలిచినది. కాబట్టి అసలు సాక్ష్యం లంగరే. పాతకాలం నావికులు సీసపు గుండు అడుగున గుంట చేసి అందులో కొవ్వు పూసి దించేవారు; పైకి తీస్తే ఇసుకో గుల్లో దానికి అంటుకుని వచ్చేది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు తక్కువ. దించుతున్నప్పుడు గొలుసు మీద చెయ్యి వేసి చూస్తే చాలావరకూ తెలుస్తుంది. రాయి మీద గరగరమంటూ వణుకు వస్తుంది. గట్టి ఇసుకలో గీసుకుంటున్నట్టు ఉండి ఒక్కసారి ఆగుతుంది. అడుసులో ఏమీ తెలియదు, మెత్తగా జారుతూనే ఉంటుంది. నన్ను మోసం చేసింది ఆ మెత్తదనమే.

ఎంత లాగుడు తట్టుకోవాలి?

అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పట్టిక ప్రకారం 35 అడుగుల పడవ 15 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) గాలిలో లంగరుని దాదాపు 225 పౌండ్ల బలంతో లాగుతుంది. 30 నాట్లలో 900 పౌండ్లు. 42 నాట్లలో 1800. గాలి రెట్టింపైతే లాగుడు నాలుగింతలు అవుతుంది. ఆ అంకెలు కాస్త ఎక్కువ వేసుకున్నవని అనుభవజ్ఞులు అంటారు. నాకైతే అలా ఎక్కువ వేసుకోవడమే నయం. సాయంత్రం చల్లగాలిలో లంగరు నిలబడిందంటే, రాత్రి ఉరుముల గాలిలో ఎలా ఉంటుందో దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

అడుసు

చెసపీక్ సగటు లోతు 21 అడుగులే. ఆటుపోట్ల తేడా అనాపొలిస్ దగ్గర ఒక అడుగు పైచిలుకు. చూడటానికి చెరువులా ఉంటుంది. పాయల్లోకి వెళ్తే కిందంతా మెత్తటి బురద, అక్కడక్కడ ఆయిస్టర్ గుల్లలు. మనవైపు కాకినాడ అఖాతం తెలిసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది: గోదావరి ఒండ్రు, హోప్ ఐలాండ్ చాటున నిశ్చలమైన నీళ్ళు, కాలు పెడితే మోకాలి దాకా దిగే నేల.

ఇలాంటి చోట లంగరు బరువుకంటే పలకల వైశాల్యం ముఖ్యం. వరిమడిలో సన్నటి కర్ర గుచ్చి లాగితే సులువుగా వస్తుంది, అదే వెడల్పాటి పలక అడ్డం పెట్టి లాగితే మడి కదలాలి. అందుకే రెండు వెడల్పాటి రెక్కలున్న డాన్‌ఫోర్త్ రకం ఇక్కడ రాజు. రెండో ప్రపంచయుద్ధంలో ఒడ్డుకెక్కిన ల్యాండింగ్ పడవలు తమను తాము వెనక్కి లాక్కోవడానికి వాడింది ఈ రకాన్నే. దాని అల్యూమినియం వారసుడు ఫోర్ట్రెస్. మా సైజు పడవకి చెప్పే ఎఫ్ఎక్స్-16 మోడల్ బరువు 10 పౌండ్లే. ఒక చేత్తో ఎత్తొచ్చు. రెక్కల కోణం మార్చుకునే వీలుంది: ఇసుకకి 32 డిగ్రీలు, మెత్తటి బురదకి 45.

2014లో ఫోర్ట్రెస్ కంపెనీయే మేరీల్యాండ్‌లోని సోలమన్స్ దగ్గర మెత్తటి బురదలో పలు బ్రాండ్ల లంగర్లను లాగి పరీక్షించింది. 45 డిగ్రీల ఫోర్ట్రెస్ అన్నిటికంటే బాగా పట్టింది. ఇసుకలో గొప్పగా పనిచేసే స్టీలు లంగర్లు అక్కడ చిన్నబోయాయి. అమ్మేవాడు పెట్టిన పరీక్ష కదా అని నేనూ అనుమానపడ్డాను. కానీ మా పాయల్లో చూసినదానికి అది సరిపోయింది.

దానికీ రోగాలున్నాయి. గాలి ఒక్కసారిగా వెనక్కి తిరిగితే ఊడిపోయి మళ్ళీ నాటుకోకపోవచ్చు. రెక్కల సందులో గుల్లో కర్రో ఇరుక్కుంటే రెక్కలు తెరుచుకోవు. తేలిక కాబట్టి పడవ కదులుతుండగా వేస్తే నీళ్ళలో గాలిపటంలా తేలుతుంది. పడవ పూర్తిగా ఆగాకే దించాలి.

అడుసులో వేసే పద్ధతి కూడా వేరు. దించగానే ఇంజిన్ రివర్స్‌లో గట్టిగా లాగితే ఏ లంగరైనా పైకే వస్తుంది. తాడు వదిలి, టీ పెట్టుకుని, పావుగంట ఆగండి. దాని బరువుకి అది కిందికి కూరుకుంటుంది. తర్వాత నెమ్మదిగా లాగుడు పెంచండి. ఈ ఒక్క విషయం తెలిసుంటే ఆ వై నది రాత్రి ఆ పాత నాగలి కూడా కొంత మేలు చేసేదేమో. పావుగంట ఓపిక ఉంటేగా!

ఇసుక

శుభ్రమైన ఇసుక దొరికితే అదృష్టమే. దాదాపు ఏ లంగరైనా ఇందులో మర్యాదగా ప్రవర్తిస్తుంది. బహమాస్‌లో నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకుని దిగి, లంగరు ఎంత లోపలికి వెళ్ళిందో స్వయంగా చూడొచ్చు. అక్కడ చిక్కు ఏమిటంటే చాలాచోట్ల ఇసుక పైపూతే, కింద గట్టి సున్నపురాయి. కర్రు లోపలికి దిగడానికి లోతు చాలదు. అలాంటిచోట కాసేపు మునిగి చూడటం వంద సలహాలతో సమానం.

ఇసుకలో గెలిచేది పదునైన కర్రు, దాని మీద పడే బరువు. ఇక్కడే లంగర్ల చరిత్ర మలుపు తిరిగింది. నాగలి ఆకారపు సీక్యూఆర్‌ని కనిపెట్టింది కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్, 1933లో పేటెంట్ తీసుకున్నాడు. ద్రవాల గతిశాస్త్రంలో మహా పండితుడు, తనకి సొంత సెయిలింగ్ పడవ ఉండేది. దానికి తేలికైన లంగరు కావాలని చేసుకున్నది కొన్ని దశాబ్దాల పాటు లోకమంతా వాడింది. కీలు ఉన్న ఆ నాగలి గట్టి ఇసుకలో ఒక్కోసారి పక్కకి పడుకుని గీతలు గీస్తూ పోతుంది. ఆ తర్వాత వచ్చిన డెల్టాలో కీలు తీసేశారు. బ్రూస్ మూడు గోళ్ళ లంగరు ఉత్తర సముద్రపు చమురు రిగ్గుల పని నుంచి పుట్టింది; గాలి తిరిగితే మళ్ళీ చక్కగా నాటుకుంటుంది గానీ, బరువుకి తగ్గ పట్టు ఉండదు.

ఇప్పటి తరం లంగర్లు, అంటే ఫ్రాన్స్‌లో పుట్టిన స్పేడ్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన రోక్నా, మాన్సన్ సుప్రీమ్, ఇంకా మాంటస్, వీటన్నిటి పలక పారలాగా లోపలికి గుంట. నాగలి మట్టిని రెండు పక్కలకీ తోసేస్తుంది. పార మట్టిని పట్టుకుంటుంది. ఈ తేడా తెలుగువాడికి బొమ్మ గీసి చూపించక్కర్లేదు. రోక్నా లాంటి వాటికి వెనకాల ఒక వంపు కడ్డీ ఉంటుంది, తలకిందులుగా పడితే తిప్పడానికి. స్పేడ్‌కి కడ్డీ లేదు, కర్రులో సీసం పోసి బరువు పెట్టారు. కడ్డీ ఉన్నదానికి జిగట మన్ను పెద్ద ముద్దగా ఇరుక్కుని, గాలి తిరిగినప్పుడు మళ్ళీ నాటుకోనివ్వదని ఒక ఫిర్యాదు ఉంది. బంకమన్ను ఎక్కువున్న చోట తిరిగేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. మిగతావాళ్ళు కంగారుపడాల్సిన పని లేదు.

గడ్డి

పైనుంచి నల్లగా కనిపిస్తే గడ్డి, లేతగా కనిపిస్తే ఇసుక. ఎండ వెనకనుంచి పడుతున్నప్పుడు, పోలరాయిడ్ కళ్ళద్దాలతో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. సాయంత్రం ఆరున్నరకి చేరితే ఏమీ కనపడదు, కాబట్టి మధ్యాహ్నం మూడుకల్లా చేరేలా బయల్దేరండి.

గడ్డి మీద తేలిక లంగరు పనికిరాదు. రెక్కల మధ్య గడ్డి చుట్టుకుని కర్రు నేలని తాకనే తాకదు. బరువైన, పదునైన పార రకం కొంత మేలు. పాతకాలపు మత్స్యకారుల లంగరు, పిల్లలు లంగరు అంటే గీసే ఆ రెండు కొక్కేల బొమ్మ, గడ్డిని చీల్చుకుని దిగుతుంది. దాన్ని మోయడం, మడవడం పెద్ద తలనొప్పి.

మధ్యధరా సముద్రంలో పడవ అద్దెకి తీసుకుని తిరిగేవాళ్ళకి ఇది పట్టు సమస్య ఒక్కటే కాదు, చట్టం కూడా. అక్కడి పొసిడోనియా గడ్డి ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. ఒక్క గొలుసు ఒక్క రాత్రిలో గీరేసింది తిరిగి రావడానికి తరం పట్టొచ్చు. స్పెయిన్ దీవులు ఇబిజా, ఫార్మెంతేరా మధ్య ఉన్న ఆ పచ్చికబయళ్ళకి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బలియారిక్ దీవుల ప్రభుత్వం 2018లో దాని మీద లంగరు వేయడాన్ని నిషేధించింది. అక్కడ లేత రంగు మచ్చ వెతుక్కోవాలి, గొలుసు తిరిగే గుండ్రం కూడా ఇసుకలోనే ఉండాలి. దొరక్కపోతే మూరింగ్ బాయ్‌కి, అంటే పడవ కట్టుకోవడానికి అడుగుకి బిగించి ఉంచిన తేలుడు బుడ్డికి, డబ్బు కట్టేయండి.

రాయి, పగడం

రాయి విషయంలో లంగర్ల పోలిక పెద్దగా పనికిరాదు. అక్కడ జరిగేది నాటుకోవడం కాదు, ఏదో పగులులో తగులుకోవడం. తగిలితే వెయ్యి పౌండ్లు ఆపుతుంది, పడవ తిరిగితే సున్నా. బ్రూస్ గోళ్ళకీ, రెండు కొక్కేల లంగరుకీ తగులుకునే అవకాశం కాస్త ఎక్కువ. అసలు టెన్షన్ పొద్దున మొదలవుతుంది: పైకి రాదు. అందుకని రాయి అనుమానం ఉన్న చోట లంగరు తల దగ్గర ఒక సన్నతాడు కట్టి, దానికి బెండు కట్టి నీళ్ళ మీద వదలండి. ఇరుక్కుంటే దాన్ని పట్టి వెనకనుంచి లాగొచ్చు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరం ఇలాంటిదే, నల్లరాయి, కెల్ప్ నాచు, అడుగడుక్కీ లాబ్‌స్టర్ బుట్టల తాళ్ళు. రాళ్ళ మధ్య బురద అఖాతాలు కూడా ఉంటాయి. అక్కడివాళ్ళు వాటినే వెతుక్కుంటారు.

పగడం మీద వేయకండి, అంతే. అండమాన్‌లో అయినా కరీబియన్‌లో అయినా. పక్కన ఇసుక మచ్చ ఉంటుంది, లేకపోతే వేరే అఖాతం ఉంటుంది. ఇసుక మచ్చలో వేసినా గొలుసు పగడాన్ని రుద్దకుండా మధ్యలో చిన్న తేలుడు బంతులు కట్టి లేపి ఉంచేవాళ్ళున్నారు.

గొలుసా, తాడా, ఎంత వదలాలి?

లెక్క చాలామంది తప్పు చేస్తారు. నీటి లోతుకి పడవ ముక్కు ఎత్తు కలపాలి, రాబోయే పోటు కలపాలి, అప్పుడు గుణించాలి. అంతా గొలుసే అయితే కనీసం 5 రెట్లు, తాడు కలిసుంటే 7 రెట్లు, తుపాను గాలికి 10 రెట్లు, చోటుంటే. మా పాయలో లోతు 8 అడుగులు, ముక్కు 4, పోటు 1: మొత్తం 13. ఏడు రెట్లంటే 91 అడుగులు. అదే మెయిన్‌లో పెనాబ్‌స్కాట్ బేలో ఆటులో 15 అడుగులు చూపించిన చోటు, పోటు వచ్చేసరికి ఇంకో 10 పెరుగుతుంది. ముక్కుతో కలిపి 29. ఐదు రెట్లకే 145 అడుగులు. ఆ వై నది రాత్రి నేను లోతు ఒక్కటే చూసి, 8 అడుగులకి ఏడు రెట్లు అనుకుని 56 అడుగులు వదిలాను. అసలు లెక్కలో అది నాలుగు రెట్లు పైచిలుకు. లంగరుని తిట్టుకున్నదాంట్లో సగం నాకే చెందాలి.

రాయి, పగడం దగ్గరలో ఉన్న చోట తాడు తెగుతుంది, గొలుసు తప్పదు. బురద పాయల్లో 50 అడుగుల గొలుసు, వెనక 200 అడుగుల నైలాన్ తాడు మాకు సరిపోతున్నాయి. 5/16 అంగుళం గొలుసు అడుగుకి పౌండు పైనే ఉంటుంది. 200 అడుగుల గొలుసంటే పడవ ముక్కున ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టినట్టే. అంతా గొలుసే అయితే మాత్రం పడవకీ గొలుసుకీ మధ్య సాగే నైలాన్ తాడు కట్టండి. గొలుసు వంపు చిన్నగాలిలో మెత్తటి స్ప్రింగులా పనిచేస్తుంది, పెద్దగాలిలో అది కర్రలా సాగిపోయి, ప్రతి కుదుపూ నేరుగా లంగరుకి తగులుతుంది.

అయితే ఏది కొనాలి?

చెసపీక్ లాంటి బురద పాయల్లోనే తిరిగేవాళ్ళు, మెరీనాకి వారాంతాల్లో వెళ్ళి వచ్చేవాళ్ళు: పార రకం ముందు లంగరుగా, ఫోర్ట్రెస్ రెండోదిగా. చాలామంది రెండోదాన్ని మొదటిదానికి నకలుగా కొంటారు. అది డబ్బు దండగ. మొదటిది విఫలమైన నేలలో నకలూ విఫలమవుతుంది. ఫోర్ట్రెస్‌ని ముక్కలుగా విప్పి సంచిలో పెట్టుకోవచ్చు కాబట్టి చోటు సమస్య కూడా లేదు. పెద్దగాలి చెప్పినప్పుడు, బురద అని తెలిసిన చోట, నేను దాన్నే 45 డిగ్రీలకి బిగించి ముందు వేస్తాను.

రోజుకో కొత్త నేల మీద ఆగుతూ బహమాస్ దాకా వెళ్ళాలనుకునేవాళ్ళు పార రకమే, కంపెనీ పట్టిక చెప్పినదానికంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. మా పడవకి 15 కిలోలు చాలన్నారు, నేను 20 కొన్నాను. ఆ ఐదు కిలోలకి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా బాధపడలేదు, నడుం తప్ప. స్పేడా, రోక్నానా, మాన్సనా అన్న వాదన మీద రాత్రులు గడిపేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో వాటి మధ్య తేడా కంటే, మీ పడవ ముక్కున ఉన్న రోలర్‌లో ఏది సరిగ్గా కూర్చుంటుందన్నదే పెద్ద ప్రశ్న. కొనేముందు అట్టముక్క కత్తిరించి కొలిచి చూసుకోండి. కడ్డీ ఉన్నవి కొన్ని పడవల ముక్కుకి అడ్డం తగులుతాయి.

బురదా ఇసుకా తప్ప వేరే తెలియని ఊళ్ళో, బడ్జెట్ తక్కువ ఉంటే వాడిన డెల్టా మంచి బేరం. పాత బ్రూస్ దొరికితే, అసలుదైతే, తీసుకోవచ్చు. దాని నకళ్ళు బజారులో చాలా ఉన్నాయి, ఆకారం ఒకటే అయినా పోత ఒకటి కాదు.

ఏడాదికి ఒక వారం గ్రీసులోనో వర్జిన్ ఐలాండ్స్‌లోనో పడవ అద్దెకి తీసుకునేవాళ్ళకి ఎంపికే ఉండదు, ఇచ్చిన లంగరే గతి. అయినా పడవ అప్పగించేటప్పుడు మూడు చూడండి. గొలుసు ఎన్ని మీటర్లు, దాని మీద రంగు గుర్తులు ఎంతెంతకి ఉన్నాయి, లంగరుకి గొలుసు కలిపే షాకిల్ పిన్ను తీగతో కట్టి ఉందా లేదా. మూడోది ఎవరూ అడగరు. ఒకసారి నేను చూసినప్పుడు ఆ పిన్ను వేళ్ళతో తిరుగుతోంది. డాక్ మీద ఉన్న అబ్బాయి నవ్వి, జేబులోంచి ప్లాస్టిక్ జిప్ టై తీశాడు. స్టీలు తీగ తెప్పించేదాకా మేము బయల్దేరలేదు. ఇంట్లోవాళ్ళు గంటసేపు ఎండలో కూర్చుని నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.